అమ్మ ఎడమచెయ్యి

మా ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళందరికీ ఒక గట్టి నమ్మకం ఉండేది. జబ్బులు మంచం మీద పడుకున్నవాళ్ళకే వస్తాయి, మంచం పక్కన నిలబడ్డవాళ్ళకి రావు. ఈ మాట ఎవరూ పైకి అనేవారు కాదు గానీ అందరి తీరూ అలాగే ఉండేది. రౌండ్లు అయిపోయి బీపీ మిషన్ ఖాళీగా కనిపిస్తే ఒకరి చేతికి ఒకరు చుట్టుకుని సరదాగా చూసుకునేవారు. అదీ నిలబడే, కబుర్లు చెప్పుకుంటూనే. కాస్త ఎక్కువొస్తే “ఇప్పుడే మెట్లెక్కొచ్చావుగా” అని ఒకరు, “అది నైట్ డ్యూటీ బీపీ, లెక్కలోకి రాదు” అని ఇంకొకరు తేల్చేసేవారు. అదే అంకె పేషెంటుకి వస్తే వెంటనే డాక్టరు మేడంకి కబురు వెళ్ళేది.

నేను అక్కడ ల్యాబ్ టెక్నీషియన్‌ని. అమ్మ అదే ఆసుపత్రిలో వార్డు ఆయా. నేను కోర్సు పూర్తిచేసి, విజయవాడలో కొన్నాళ్ళు పనిచేసి తిరువూరు వచ్చేసరికే ఆవిడ అక్కడ పాతుకుపోయి ఉంది. ఉద్యోగం అడగడానికి వెళ్ళినప్పుడు మేడం నా సర్టిఫికెట్లు తిరగేస్తూ, “ఆయమ్మ కొడుకువా? ముందే చెప్పొచ్చు కదయ్యా” అన్నారు. ఆసుపత్రి ఆవిడదే, పెద్ద డాక్టరూ ఆవిడే.

కిందటి వేసవిలో మా ఆసుపత్రి మందుల షాపులో కూర్చునే, అందరం అన్నయ్య అని పిలిచే ఆయనకి కౌంటరు దగ్గరే గుండెనొప్పి వచ్చింది. ఆయనకి బీపీ ఉందని ఎప్పట్నుంచో తెలుసు. మాత్రలు ఆయన వీపు వెనక అరలోనే ఉంటాయి. రోజూ ఎంతోమందికి అవే ఇచ్చి, ఎప్పుడు వేసుకోవాలో, మానేస్తే ఏమవుతుందో ఓపిగ్గా చెప్పేవాడు. తను మాత్రం వేసుకోలేదు. విజయవాడ తీసుకెళ్ళి స్టెంటు వేయించారు. మనిషి బాగానే తిరిగొచ్చాడు గానీ మేడం మాత్రం ఊరుకోలేదు. నెలాఖరులోగా స్టాఫంతా రక్తపరీక్షలు చేయించుకోవాలనీ, చేయించుకోనివాళ్ళు సెలవుల కోసం తన గదికి రావద్దనీ చెప్పేశారు.

రక్తం తీయాల్సింది, పరీక్ష చేయాల్సింది నేనే కాబట్టి అందరి వెంటా తిరగాల్సిన పని నా మీద పడింది. దేన్నైనా రకాలుగా విడగొట్టి చూసుకోవడం నా అలవాటు. మావాళ్ళు మూడు రకాలని నాకు రెండు రోజుల్లోనే తేలింది. మొదటి రకం “రేపు” అనేవాళ్ళు. రెండో రకం “నాకేముంది” అనేవాళ్ళు. మూడో రకం తమకి ఏదో ఉందని తెలిసి, అది కాగితం మీదకి రాకూడదనుకునేవాళ్ళు. అమ్మ పక్కా రెండో రకం.

“నాకేముందిరా? ఇనప గుండులాగున్నా. ఆ బక్క సిస్టర్లకి చెయ్యి ముందు” అంది.

“గుండుకి కూడా తుప్పు పడుతుందమ్మా.”

“పడితే నీ మిషన్ పీకుద్దా ఆ తుప్పుని? పో, నేల తడిగా ఉంది, తొక్కకు.”

ఆఖరి రోజు పొద్దున నేను డ్యూటీకి వెళ్ళేసరికి ట్రేలో అమ్మ పేరున్న ట్యూబు ఉంది. నైట్ సిస్టర్ చేతిరాత. అమ్మ ముందురోజు రాత్రి డ్యూటీలో ఉంది. నేను అడిగీ అడిగీ విసిగిపోయిన పని సిస్టర్ ఎలాగో ఒప్పించి చేయించిందనుకుని సంతోషపడ్డాను. మిగతా ట్యూబులతో పాటే దాన్నీ మిషన్లో పెట్టాను.

మా వైపు ఎవరి రిపోర్టు చేతికొచ్చినా ముందు కిడ్నీ అంకె చూడటం అలవాటు. ఎ.కొండూరు వైపు నుంచి ఆ జబ్బుతో వచ్చేవాళ్ళని చూసి చూసి కళ్ళు ముందు అక్కడికే పోతాయి. అమ్మది బాగుంది. కొలెస్ట్రాల్ బాగుంది. షుగరు నాలుగు వందల ఎనభై ఆరు.

ఏ పేషెంటుకైనా ఇంత వస్తే ఏం చేయాలో నాకు తెలుసు, అదంతా చేశాను. ట్యూబు మీద పేరు సరిచూశాను. అదే రక్తాన్ని మళ్ళీ పెట్టాను. పొద్దున మిషన్ మొదలుపెట్టేటప్పుడు వేసిన కంట్రోల్, అంటే అంకె ముందే తెలిసిన ద్రవం, అది సరిగ్గానే వచ్చింది. అయినా ఇంకోసారి వేశాను. సరిగ్గానే వచ్చింది. అమ్మ రక్తం కూడా మొదట చెప్పిందే చెప్పింది. నా పనిలో వెతకడానికి తప్పు ఏదీ మిగల్లేదు. మామూలుగా నాకు అది తృప్తినిచ్చే విషయం. ఆ పొద్దున మాత్రం ఒక్క తప్పు దొరికితే బాగుండుననిపించింది.

షుగరంటే మా ఇంట్లో అంకె కాదు, పెద్దమ్మ. అమ్మకి తోడబుట్టిన అక్క, పెనుగొలనులో ఉండేది. పత్తి చేలో బొటనవేలికి ఏదో గుచ్చుకుంది. పుండు మానలేదు. ముందు వేలు తీశారు, తర్వాత పాదం, తర్వాత మోకాలి కింద వరకూ. ఆ పుండు రోజూ కడిగి కట్టు కట్టింది అమ్మే. వార్డులో కూడా షుగరు కాళ్ళ డ్రెస్సింగ్ అంటే సిస్టర్లు పక్కన అమ్మ ఉండాలనేవారు. వాసనకి మొహం తిప్పుకోదని. ఆ జబ్బు ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పోతుందో చివరంటా చూసిన మనిషికి ఈ కబురు నేను చెప్పాలి.

అమ్మ బయట బండి దగ్గర ఇడ్లీ తిని, టీ తాగుతూ దొరికింది. నా మొహం చూడగానే గ్లాసు కింద పెట్టేసింది.

“ఎంత?” అంది.

ఏమిటి అని అడగలేదు. ఎంత అని అడిగింది. చెప్పాను. ఆవిడ గ్లాసు తీసి, మిగిలిన టీ మట్టిలో పారబోసింది.

మేడం రిపోర్టు చూసి నమ్మలేనట్టు అమ్మని పైనుంచి కిందకి చూశారు. దాహం ఎక్కువగా ఉంటోందా, బరువు తగ్గావా, రాత్రుళ్ళు ఎన్నిసార్లు లేస్తున్నావు అని వరసగా అడిగారు. అమ్మ దేనికీ సరిగ్గా చెప్పలేదు. రాత్రుళ్ళు పడుకుంటేగా లేవడానికి అంది. మేడం తనే వేలు పొడిచి చిన్న మిషన్లో చూశారు. నూట తొంభై ఒకటి.

“దానికీ దీనికీ పొంతన లేదే” అన్నారు మేడం నావైపు చూసి.

“మిషన్ కరెక్టుగానే ఉంది మేడం. రెండుసార్లు చూశాను. ఈ స్ట్రిప్పులు పాతవేమో.”

“స్ట్రిప్పులు నిన్న విప్పినవే. సరే, ఏదైనా రెండూ ఎక్కువే కదా. ఇవాళ మందేమీ వద్దు. రేపు పరగడుపున మళ్ళీ తియ్యి. మూడు నెలల సగటు షుగరు చెప్పే టెస్టుకి కూడా తీసి విజయవాడ పంపించు. అప్పుడు చూద్దాం.” అని అమ్మ భుజం తట్టారు. “ఏవమ్మా, ఎంతమందికి ధైర్యం చెప్పావు నువ్వు! నీకు నేను చెప్పాలా?”

“చెప్పండి మేడం. వినడం ఎట్టా ఉంటదో చూస్తా” అంది అమ్మ.

సాయంత్రం నేను ఇంటికి చేరేసరికి మా వీధిలో సగంమందికి తెలిసిపోయింది. చెప్పింది అమ్మే. నాన్న మామిడి కోతల పనికి వెళ్తూ ఇంట్లో పెట్టిన రసాల గంప గుమ్మం దగ్గర ఖాళీగా ఉంది. ఇరుగుపొరుగుకి పంచేసిందట. పక్కింటి పిన్ని కాకరకాయ రసం గ్లాసుతో కూర్చుని ఉంది.

“కళ్ళు మూసుకుని గటగటా తాగెయ్యక్కా. మా ఆడబిడ్డకి ఇదే కుదిర్చింది.”

“మీ ఆడబిడ్డకి మొన్న ఇన్సులిన్ మొదలుపెట్టారుగదే.”

“అదీ, ఇదీ కలిపి కుదిరింది. తాగు ముందు.”

అమ్మ తాగింది. తాగాక మొహం పెట్టిన తీరు చూసి పిన్ని కంటే నాకే ముందు నవ్వొచ్చింది. నవ్వుతూనే భయమేసింది. చేదు మందు ఇస్తే ‘అవతల పారెయ్’ అనే మనిషి నోరెత్తకుండా తాగింది.

పిన్ని వెళ్ళాక అమ్మ అరుగు మీద కూర్చుని పాదాలు చూసుకోవడం మొదలుపెట్టింది. రెండు పాదాలూ, వేళ్ళ సందులూ, మడమల పగుళ్ళూ. వార్డులో పేషెంట్ల పాదాలు ఎలా చూస్తుందో అచ్చం అలాగే.

“రేపట్నుంచి చెప్పుల్లేకుండా నడవను” అంది.

“మంచిదేగా.”

“నువ్వు త్వరగా పెళ్ళి చేసుకో.”

“షుగరుకీ నా పెళ్ళికీ ఏంటమ్మా సంబంధం?”

“కాలు పోయినదాన్ని చూసి ఎవరిస్తార్రా పిల్లని? ఉండగానే చూపించాలి.”

వెటకారంగానే అంది. వెంటనే లేచి, ప్రార్థన చేసుకునే ముందు ఎప్పుడూ చేసినట్టే మొహం, చేతులు కడుక్కోవడానికి బకెట్ దగ్గరకి వెళ్ళింది. చీర చెంగు నోట కరుచుకుని ఎడమచెయ్యి ముందుకి చాపింది. నేను చెంబుతో నీళ్ళు పోస్తున్నాను.

మోచేతి మడతలో చిన్న దూది, దాని మీద ప్లాస్టర్. అది రక్తం తీసిన చోటు. మణికట్టుకి కాస్త పైన ఇంకో ప్లాస్టర్ ఉంది. అది వెడల్పుది. చుట్టూ చర్మం కొద్దిగా కమిలి ఉంది.

“ఇదేంటమ్మా?”

“రక్తం తీశారుగా.”

“రక్తం పైన తీశారు. కింద ఏంటని.”

“నరం దొరక్క రెండు చోట్ల పొడిచింది.”

“ఇది సూది పొడుపు కాదు. క్యాన్యులా పెట్టి తీసిన గుర్తు.”

అమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. “నీళ్ళు పొయ్యి, వాగకుండా.”

“బాటిల్ ఎక్కించుకున్నావా?”

మా ఆసుపత్రిలో అదొక అలవాటు. రాత్రంతా డ్యూటీ చేసి కళ్ళు తిరిగినట్టుంటే, వెనక చీరలు మార్చుకునే గదిలో పడుకుని ఒకరికొకరు గ్లూకోజు బాటిల్ పెట్టుకునేవారు. గంటలో లేచి పనికి పోవచ్చు. తిండీ నిద్రా చేయాల్సిన పని బాటిల్ చేస్తుందని వాళ్ళ లెక్క. ఇది తెలిసి మేడం గట్టిగా తిట్టి, ఇంకోసారి పెట్టినవాళ్ళనీ పెట్టించుకున్నవాళ్ళనీ డ్యూటీలోంచి తీసేస్తానని చెప్పి ఉన్నారు.

“అమ్మా, ఇది చెప్పు చాలు. రక్తం తీసింది బాటిల్ ఎక్కేటప్పుడా, అయిపోయాకా?”

“ఎక్కేటప్పుడే. తెల్లారగట్ట కళ్ళు తిరిగాయి. సిస్టరు బాటిల్ పెట్టింది. పెట్టి, ‘ఆయమ్మా, నీ రక్తం ఒక్కటే మిగిలింది, మీ అబ్బాయి నా ప్రాణం తీస్తున్నాడు, ఇచ్చెయ్యి’ అంది. ఆ చెయ్యి ఎట్టాగూ చాపే ఉందిగా. అందులోనే తీసింది.”

నేను చెంబు బకెట్లో పడేశాను.

“అమ్మా! కింద మణికట్టులోంచి గ్లూకోజు పోతోంది. అదే నరంలో పైన సూది పెట్టి లాగితే ఏమొస్తుంది? బాటిల్లోది కూడా వస్తుంది. నా మిషన్ చూసింది నీ షుగరు కాదు. బాటిల్ షుగరు.”

అమ్మ తడిచేతులు చెంగుకి తుడుచుకుంది.

“మరి మేడం వేలి మీద చూసింది?”

“బాటిలంతా ఎక్కాక, పైన ఇడ్లీ తిని, టీ తాగాక చూశారు. అది ఎవరికైనా కొంత పెరగొచ్చు.”

“అయితే నాకు లేనట్టేనా?”

ఇక్కడ నేను తొందరపడలేదు. లేదని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు, ఉందని చెప్పిన ఆధారం పోయింది, అంతే. ఆ మాటే చెప్పాను. అమ్మ విసుక్కుంది. “చదువుకున్నోడివి, ఒక్క మాట తిన్నగా చెప్పవు కదా.” అయినా అరుగు మీద కూర్చున్న తీరు మారింది. పాదాలు కిందకి వేలాడేసి కూర్చుంది. కాసేపయ్యాక, “సిస్టరు పేరు మాత్రం బయటికి రాకూడదు. చిన్న పిల్లలున్నది. షుగరున్నట్టే అనుకుంటారు, అనుకోనీ” అంది.

“అనుకుంటే మందులిస్తారమ్మా. లేని జబ్బుకి మాత్రలు మింగుతావా?”

“కాకర రసం తాగలా?”

ఆ సిస్టర్ పనిలో గట్టిది. పేషెంటుకి బాటిల్ ఎక్కుతున్న చేతిలోంచి రక్తం తీస్తే ట్రైనింగ్ పిల్లల్ని అందరి ముందూ కడిగేసేది. ఆవిడకి తెలియక కాదు. అమ్మ పేషెంటు కాదు కాబట్టి అలా చేసింది. మనవాళ్ళే కదా, ఒక్క చేతితోనే పోతుంది కదా, ఆ రెండో చెయ్యి ఎందుకు నొప్పించడం. మందుల షాపు అన్నయ్య మాత్రలు అరలో ఉంచుకుని మింగకపోయినా, మా బీపీలు లెక్కలోకి రాకపోయినా, వెనక ఉన్న ఆలోచన ఇదే.

మర్నాడు పొద్దున అమ్మ పరగడుపున వచ్చింది. నేను ల్యాబ్ కుర్చీలో కూర్చోబెట్టి కుడిచేతిలోంచి తీశాను. కొత్త పేషెంటుకి తీసినట్టు, పేరు అడిగి మరీ. “నా పేరు తెలీదా నీకు?” అంది. తెలుసు, అయినా చెప్పమన్నాను. చెప్పింది. ఒక ట్యూబు నేను ఉంచుకున్నాను. ఇంకోటి పొద్దుటి విజయవాడ బస్సులో వెళ్ళే శాంపిళ్ళ డబ్బాలో పెట్టాను.

మిషన్ నడుస్తున్నంతసేపూ అమ్మ గుమ్మంలోనే నిలబడింది. నూట నాలుగు వచ్చింది. కాగితం బయటికి రాకముందే చెప్పేశాను. అలా చెప్పకూడదు. అమ్మ “స్తోత్రం ప్రభువా” అని గోడకి ఆనుకుంది.

మేడం నూట నాలుగు చూసి, నిన్నటి కాగితం పక్కన పెట్టి, “నిన్న తీసిందెవరు?” అన్నారు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ సీలింగ్ వైపు చూసింది.

“శాంపిల్ తీయడంలో పొరపాటు జరిగింది మేడం” అన్నాను.

“అది నాకూ అర్థమైంది. ఎవరని అడిగా.”

“నేనే తీయించుకున్నానండి” అంది అమ్మ.

“తీయించుకున్నావు సరే, తీసిందెవరు? గాలా?”

తలుపు దగ్గర నుంచి “నేనే మేడం” అని వినబడింది. నైట్ సిస్టర్. డ్యూటీ అయిపోయినా వెళ్ళకుండా రిజల్టు కోసం ఆగింది. అమ్మ రాగానే జరిగినదంతా ఆవిడకి చెప్పేసిందని నాకు అప్పుడు తెలిసింది. బాటిల్ సంగతి, చెయ్యి సంగతి ఒక్క ఊపిరిలో చెప్పేసి, “నిన్నంతా ఆయమ్మకి షుగరని అందరూ అంటుంటే నాకు అన్నం దిగలేదు మేడం. ఎందుకంత వచ్చిందో నాకూ తట్టలేదు” అంది.

మేడం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. తిడతారనే అనుకున్నాం.

“కళ్ళు తిరిగితే నన్ను లేపలేకపోయారా?”

“పడుకున్నారని...”

“పడుకునేది లేవడానికే. ఆవిడకి ఎందుకు కళ్ళు తిరిగాయో ఎవరైనా చూశారా? బీపీ చూశారా?”

బీపీ చూశామని సిస్టర్ ఒప్పుకుంది. అదీ నిలబెట్టి. ఎక్కువే వచ్చింది. నైట్ డ్యూటీ అనుకున్నారు.

మేడం అమ్మని కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోమన్నారు. కాళ్ళు నేలకి ఆనించి, చెయ్యి బల్ల మీద పెట్టి, ఐదు నిమిషాలు నోరు మూసుకోమన్నారు. అమ్మకి చివరిదే కష్టమైంది. రెండుసార్లు ఏదో చెప్పబోయి మేడం చూపుకి ఆగింది. రెండు చేతులకీ చూశారు. కాసేపాగి మళ్ళీ చూశారు. ప్రతిసారీ నూట యాభై దాటింది, కిందది తొంభై ఐదు పైనే.

“ఇదమ్మా నీకున్నది” అన్నారు. “షుగరు సంగతి విజయవాడ వాళ్ళు చెప్తారు. ఇది నేను చెప్తున్నా.”

సిస్టర్‌ని డ్యూటీలోంచి తీయలేదు. రాత్రి డ్యూటీ చేసినవాళ్ళు పొద్దున మళ్ళీ ఆగి పనిచేయడం మాత్రం ఆపించారు. అది ఎన్నాళ్ళు నిలుస్తుందో తెలియదు, ఇప్పటికైతే నడుస్తోంది. గ్లూకోజు బాటిళ్ళ బీరువా తాళం మేడం గదిలోకి మారింది.

విజయవాడ నుంచి ఫోను సాయంత్రం వచ్చింది. మూడు నెలల సగటు ఐదు పాయింట్ తొమ్మిది. జబ్బు కాదు, అలాగని పూర్తిగా బాగున్నట్టూ కాదు. జాగ్రత్తగా ఉంటే అక్కడే ఆగుతుంది. ఈ మూడు ముక్కలూ అమ్మకి వార్డులో బకెట్ పక్కన నిలబడి చెప్పాను.

“అంటే మనూర్లాగ బోర్డర్లో ఉందన్నమాట” అంది. “అటు పోకూడదు.”

“అంతే. నడవాలి, తీపి తగ్గించాలి, నిద్రపోవాలి.”

“మరి నా మామిడిపళ్ళు?”

“ఒకటీ అరా తినొచ్చు.”

“ఏవిరా తినడానికి? ఊరంతటికీ పంచేశా కదా!” అని చీపురు కింద పడేసి నవ్వింది. పక్క మంచం మీది ముసలాయన ఏమైందని అడిగితే, “ఏంలేదు తాతా, నాకు షుగర్లేదంట” అని చెప్పింది. ఆయన తనకుందని చెప్పబోయి, ఆవిడ సంతోషం చూసి ఆగిపోయాడు.

మందుల షాపు అన్నయ్యే బీపీ మాత్రల అట్ట ఇచ్చాడు. ఇచ్చేముందు తన జేబులోని అట్ట తీసి, ఖాళీ అయిన గదులు చూపించాడు. “నేను ఇప్పుడు తప్పకుండా వేసుకుంటున్నా ఆయమ్మా. నన్ను చూసి నేర్చుకో.”

“నిన్ను చూసే ఇన్నాళ్ళూ నేర్చుకున్నా. అందుకే ఇట్టా ఉన్నా” అంది అమ్మ. అట్ట అటూ ఇటూ తిప్పి చూసి నన్ను అడిగింది. “ఎన్నాళ్ళు వేసుకోవాల్రా ఇయ్యి?”

దాచి చెప్పడం నాకు రాదు. “జీవితాంతం” అన్నాను.

అమ్మ అట్టని నడుము దగ్గర చీర మడతలో దోపుకుని, “చాలా రోజులే అన్నమాట” అంది.